పిండ రహస్యాన్వేషి హాన్స్ స్పేమన్

వానలు కురిసి గుంటలు నిండిన దినములలో నీటియంచున తేలియాడు కప్పగ్రుడ్లను చూడని పిల్లవాడుండడు. జిగురువంటి పొరలో నల్లని చుక్కవలె కనబడు ఆ గ్రుడ్డునందు తల లేదు, తోక లేదు, కన్ను లేదు, గుండె లేదు. కొన్నినాళ్లు గడచునప్పటికి అందుండి తోకకప్ప వెలువడి నీటిలో ఈదజొచ్చును. ఒకే కణము చీలి రెండై, రెండు నాలుగై, నాలుగెనిమిదియై, తుదకు వేలకొలది కణములగుచున్నవి. వానిలో నొకటి కన్నుగను, వేరొకటి చర్మముగను, ఇంకొకటి మెదడుగను మారవలెనని నిర్ణయించునదేది? ఆ యాజ్ఞ కణములోపలనే వ్రాయబడియున్నదా? లేక ప్రక్కనున్న కణమునుండి వచ్చుచున్నదా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటయందే నలువది సంవత్సరములు గడపిన జర్మను శాస్త్రజ్ఞుడు హాన్స్ స్పేమన్. నేడు ప్రయోగశాలలలో మూలకణములను పెంచువారు సైతము ఆయన వేసిన బాటనే నడచుచున్నారు. ఆ బాటలో ఆయనతోపాటు నడచి, నడుమనే రాలిపోయిన యొక యువతి కథయు ఈ జీవితకథలో విడదీయరాని భాగము.

పుస్తకముల నడుమ బాల్యము

స్పేమన్ 1869వ సంవత్సరము జూన్ 27వ తేదీన జర్మనీ దేశమందలి స్టుట్‌గార్ట్ నగరమున జన్మించెను. తండ్రి విల్హెల్మ్ స్పేమన్ పేరుగాంచిన పుస్తక ప్రచురణకర్త. నలుగురు సంతానములో హాన్స్ జ్యేష్ఠుడు. 1888లో పాఠశాల చదువు ముగించి, ఒక సంవత్సరము తండ్రి వ్యాపారమున పనిచేసెను. పిదప నియమము ననుసరించి సైన్యమున కొంతకాలము గడపెను. కాని పుస్తకములు అమ్ముటకంటె అందలి విషయములను శోధించుటయందే ఆయన మనస్సు లగ్నమైయుండెను. 1891లో హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయమున వైద్యవిద్యార్థిగా చేరెను.

అచ్చట ఆయనకు గుస్తావ్ వోల్ఫ్ అను జీవశాస్త్రజ్ఞునితో పరిచయము కలిగెను. బల్లి యాకారము కలిగి, కప్పవలె నీటను నేలను జీవించు న్యూట్ అను జంతువు కంటినుండి కటకమును తొలగించినచో, కంటిపాప చుట్టునుండు పొర యంచునుండి క్రొత్త కటకము మొలచునని వోల్ఫ్ కనుగొనెను. పిండములోనైతే కటకము చర్మమునుండి పుట్టును. తిరిగి మొలచునప్పుడు మాత్రము వేరొక కణజాలమునుండి పుట్టుచున్నది. ఒకే వస్తువు రెండు వేర్వేరు మూలములనుండి ఎట్లు కలుగుచున్నది? ఈ సంశయము స్పేమన్ మనస్సున నాటుకొని, రోగులను చూచు వైద్యుడు కావలసినవానిని పిండములను చూచు శాస్త్రజ్ఞునిగా మార్చెను.

1894లో ఆయన వుర్ట్స్‌బర్గ్ నగరము చేరి, థియోడోర్ బోవెరీ యను మహాపండితునికి శిష్యుడయ్యెను. ఎక్స్ కిరణములను కనుగొన్న రాంట్‌గెన్ కూడ ఆ విశ్వవిద్యాలయముననే భౌతికశాస్త్రము బోధించుచుండెను. 1895లో స్పేమన్ పట్టము పొందెను. ఆ సంవత్సరముననే క్లారా బిండర్ అను యువతిని వివాహమాడెను. అంతలో క్షయవ్యాధి యాయనను పట్టుకొనెను. 1896 నాటి చలికాలమును ఆరోగ్యాలయమున గడపవలసివచ్చెను. ఆ విశ్రాంతి దినములలో ఆయన చదివిన గ్రంథము ఆగస్ట్ వైస్‌మన్ రచించిన బీజద్రవ్య సిద్ధాంతము. వ్యాధి తగ్గి లేచునప్పటికి చేయదగిన పని యేదో ఆయనకు తెలిసియుండెను.

వెంట్రుకతో కట్టిన గ్రుడ్డు

గ్రుడ్డునందలి కేంద్రకములో శరీరభాగములన్నిటికి వేర్వేరు నిర్ణాయకము లుండుననియు, కణము చీలినప్పుడెల్ల అవి పంచుకొనబడుననియు, తుదకు కంటికణమునకు కంటి పాలు, చర్మకణమునకు చర్మపు పాలు మాత్రమే మిగులుననియు వైస్‌మన్ వాదించెను. ఉమ్మడి యాస్తిని అన్నదమ్ములు పంచుకొన్నట్లన్నమాట. 1888లో విల్హెల్మ్ రూ అను శాస్త్రజ్ఞుడు, రెండు కణములుగా చీలిన కప్పగ్రుడ్డులో ఒక కణమును కాల్చిన సూదితో చంపగా, మిగిలినది అర్ధపిండముగానే పెరిగెను. వైస్‌మన్ వాదమునకు ఇది బలము చేకూర్చెను. కాని 1891లో హాన్స్ డ్రీష్ అను నాతడు సీ అర్చిన్ అను సముద్రపు ముండ్లజంతువు గ్రుడ్డును రెండు కణముల దశలో విడదీయగా, ప్రతి సగమునుండియు పరిమాణమున చిన్నదైనను అంగలోపము లేని జీవి వెలువడెను. గాంధారి గర్భమునుండి వెలువడిన మాంసపిండమును వ్యాసుడు నూటయొక్క భాగములుగా చేసి నేతికుండలలో నుంచగా ప్రతి భాగమును పూర్ణశిశువైనదని భారతకథ. పురాణమున మాత్రమే చెల్లునని తోచు సంగతి సముద్రజీవి విషయమున సత్యమై నిలిచెను.

అర్ధపిండమా, పూర్ణపిండమా? ఈ వివాదమును తీర్చుటకు స్పేమన్ ఎన్నుకొన్నది న్యూట్ గ్రుడ్డు. అది ఆవగింజంత యుండును. దానిని విడదీయుటకు ఆయనకు దొరికిన పనిముట్టు మిక్కిలి సున్నితమైనది: తన పసిబిడ్డ తలవెంట్రుక. ఆ వెంట్రుకను ముడిగా చేసి గ్రుడ్డు నడుమ బిగించెను. నిలువున సరిగా రెండుగా విడదీసినప్పుడు రెండు పూర్ణపిండము లేర్పడెను. పూర్తిగా విడదీయక కొంతవరకే బిగించినప్పుడు రెండు తలలు, ఒకే మొండెము గల జీవి పుట్టెను. కాని వీపు కావలసిన భాగము ఒకవైపునకును, పొట్ట కావలసిన భాగము వేరొకవైపునకును పోవునట్లు బిగించినప్పుడు ఫలితము వేరుగా నుండెను. వీపువైపు సగము పూర్ణపిండమయ్యెను. పొట్టవైపు సగము తలయు వెన్నును లేని కణరాశిగా మిగిలెను. వీపుభాగమున నేదో ప్రత్యేకశక్తి కలదని ఆయనకు అప్పుడే సూచన దొరకెను. దాని యర్థము తెలియుటకు ఇరువది సంవత్సరములకు పైగా పట్టెను.

మరియొక ప్రయోగమున ఆయన గ్రుడ్డును బిగించి, కేంద్రకము ఒకవైపుననే యుండునట్లు చేసెను. కేంద్రకమున్న వైపు చీలుచు ఎనిమిది, పదునారు కణముల దశకు చేరెను; రెండవవైపు చీలక యుండెను. అంతట ఒక కేంద్రకము సన్నని దారిగుండ ఆవలివైపునకు జారెను. ఆలస్యముగా కేంద్రకము పొందిన ఆ సగమును పూర్ణపిండమైనది. పలుమార్లు చీలిన పిమ్మటను కేంద్రకమునందు ఆస్తి యంతయు చెక్కుచెదరక యున్నదని దీనివలన తేలెను. పంపకముల వాదము ఇచ్చట కూలిపోయెను. మరి, అన్ని కణములకును సమస్తము ఉన్నప్పుడు ఒక్కొక్కటి ఒక్కొక్క విధముగా మారుటకు కారణమేమి? ప్రశ్న మరింత జటిలమయ్యెను.

కన్ను నేర్పిన పాఠము

ఆ ప్రశ్నకు తొలి సమాధానము కన్నునుండి లభించెను. పిండములో మెదడు ప్రక్కనుండి గిన్నెవంటి భాగమొకటి పెరిగి చర్మమును తాకును. తాకినచోట చర్మము దళసరియై, లోనికి వంగి, పారదర్శకమైన కటకమగును. 1901లో స్పేమన్ కప్పపిండమున ఒకవైపు కంటిగిన్నె కావలసిన భాగమును వేడిసూదితో తొలగించెను. ఆ వైపు చర్మము చర్మముగానే యుండిపోయెను, కటకము పుట్టలేదు. అనగా చర్మమునకు కటకము కాగల శక్తి యున్నను, కంటిగిన్నె వచ్చి తాకినగాని ఆ శక్తి మేల్కొనదు. పొరుగు కణజాలము వేరొక కణజాలమును ఒక మార్గమున నడిపించు ఈ వ్యాపారమునకు ప్రేరణమని పేరు. అయితే వేరొక జాతి కప్పలో గిన్నె లేకున్నను కటకము పుట్టుట ఆయన చూచెను. తన సిద్ధాంతమునకు ప్రతికూలమైన ఈ ఫలితమును ఆయన కప్పిపుచ్చక ప్రకటించెను.

ఈ పనులకు వలయు పనిముట్లు అంగడిలో దొరకునవి కావు. గాజుకడ్డీని మంటపై సాగదీసి వెంట్రుకకంటె సన్నని సూదులను, గాజుగొట్టములను ఆయన స్వహస్తములతో చేసికొనెను. న్యూట్లు గ్రుడ్లు పెట్టునది వసంతకాలముననే. ఆ కొద్దివారములలో చేయలేని పని మరుసటి సంవత్సరమునకు ఆగవలెను. సూక్ష్మజీవులను చంపు మందులు లేని ఆ కాలమున, శస్త్రచికిత్స పొందిన పిండములలో అధికభాగము కుళ్లిపోవుచుండెను. అందుచే ఒక్కొక్క ఫలితమునకు వెనుక వందలకొలది విఫలయత్నము లుండెడివి.

1908లో ఆయన రోస్టాక్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. 1914లో బెర్లిన్ సమీపమున డాలెమ్ నందలి కైజర్ విల్హెల్మ్ జీవశాస్త్ర సంస్థకు చేరెను. ఐరోపా మొదటి ప్రపంచయుద్ధమున మునిగియుండగా, ఆయన ఒక పిండమునుండి చిన్న తునకను తీసి వేరొక పిండమున నాటు ప్రయోగములు సాగించుచుండెను. తొలిదశలో, మెదడు కావలసిన తునకను చర్మము కావలసినచోట నాటినచో అది చర్మమే యయ్యెను. చర్మము కావలసినదానిని మెదడుచోట నాటినచో మెదడే యయ్యెను. ఆరునెలలు సహవాసము చేసినచో వారు వీరగుదురను లోకోక్తి పిండకణముల యెడ అక్షరాల చెల్లినది. కొంత ఆలస్యముగా చేసినచో తునక తన పూర్వనిర్ణయమును వీడలేదు. కణములకును శైశవము కలదనియు, అది గడచినపిదప స్వభావము స్థిరపడుననియు ఇట్లు తెలిసెను.

ఈ నియమమునకు ఒక్కచోట భంగము కలిగెను. పిండము గాస్ట్రులా యను దశకు వచ్చినప్పుడు దాని ఉపరితలమున ఒక రంధ్రమేర్పడి, వెలుపలి కణములు దానిగుండ లోనికి మడుగును. ఆ రంధ్రపు పైపెదవి వీపువైపున నుండును. ఆ పెదవినుండి తీసిన తునకను వేరొక పిండపు ప్రక్కభాగమున నాటగా, అది పొరుగువారి వలె మారలేదు. అచ్చట రెండవ వెన్నుభాగమే ఏర్పడజొచ్చెను. ఆ క్రొత్త అవయవములన్నియు నాటిన తునకయే పెరిగి కలిగినవని స్పేమన్ మొదట తలంచెను. ఏ కణము అతిథియో, ఏది ఆతిథేయియో గుర్తించుటకు అప్పు డుపాయము లేకుండెను.

హిల్డే చేసిన ప్రయోగము

1919లో స్పేమన్ ఫ్రైబర్గ్ విశ్వవిద్యాలయమున జంతుశాస్త్రాచార్యుడయ్యెను. మరుసటి సంవత్సరము ఆయన ప్రయోగశాలకు హిల్డే ప్రోషోల్ట్ అను విద్యార్థిని వచ్చెను. ఆమె 1898లో గోథా పట్టణమున జన్మించినది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో చదువుచున్నప్పుడు స్పేమన్ ఉపన్యాసము విని, ఆయనయొద్దనే పరిశోధన చేయవలెనని నిశ్చయించుకొనినది. మంచినీటి హైడ్రాను చేతిసంచివలె లోపలిది వెలుపలికి త్రిప్పు ప్రయోగమును ఆచార్యుడు మొదట ఆమెకు అప్పగించెను. పదునెనిమిదవ శతాబ్దిలో ట్రెంబ్లే చేసిన ఆ పని ఎంత ప్రయత్నించినను ఆమెకు సాధ్యపడలేదు. నిరాశపడిన విద్యార్థినికి స్పేమన్ వేరొక పని యిచ్చెను. ఇరువురి పేర్లను చిరస్థాయి చేసినది ఆ రెండవ పనియే.

ఉపాయము సులభముగనే తోచును. న్యూట్లలో ఒక జాతి గ్రుడ్లు తెల్లగా నుండును. వేరొక జాతి గ్రుడ్లు వన్నె కలిగియుండును. తెల్లని పిండమునుండి పెదవి తునకను తీసి, వన్నెగల పిండపు పొట్టవైపున నాటినచో, పిమ్మట ఏ కణమెచ్చటిదో రంగునుబట్టి తెలిసికొనవచ్చును. ఉపాయము సులభమైనను చేత పట్టుట కష్టము. జిగురుపొరలు తొలగించిన పిండములు చేయి తగిలిన చిదికిపోవును. 1921, 1922 వసంతకాలములలో హిల్డే వందలకొలది శస్త్రచికిత్సలు చేసెను. అధికభాగము నశించెను. వివరించి ప్రకటింపదగినవిగా మిగిలినవి ఆరు మాత్రమే.

ఆ యారింటిలో కనబడినది ఆశ్చర్యకరము. ఆతిథేయి పిండపు ప్రక్కకు అతుకుకొని రెండవ పిండమొకటి పెరుగుచుండెను. దానిని పలుచని పొరలుగా కోసి సూక్ష్మదర్శినిలో చూడగా, వెన్నుకు ఆధారమైన దండము చాలవరకు తెల్లని అతిథికణములతో నేర్పడియుండెను. కాని దానిపైనున్న నాడీనాళము చాలవరకు వన్నెగల ఆతిథేయి కణములతోడనే యేర్పడియుండెను. పొట్టచర్మము కావలసిన కణములు వెన్నుపాము అయినవి! నాటిన తునక తాను మాత్రమే పెరుగుట లేదు. చుట్టునున్న వారిని కూడగట్టి, పనులు పంచి, క్రమబద్ధమైన శరీరమును కట్టించుచున్నది. స్పేమన్ దీనికి ఆర్గనైజర్, అనగా వ్యవస్థాపకము, అని పేరిడెను.

హిల్డే ఇంతలో స్పేమన్‌కు ప్రధానసహాయకుడైన ఓటో మాంగోల్డును వివాహమాడి, 1923లో డాక్టరు పట్టము పొంది, ఒక మగబిడ్డకు తల్లియయ్యెను. 1924లో ఆమె పరిశోధనావ్యాసము రూ స్థాపించిన శాస్త్రపత్రికలో వెలువడెను. ఆ ప్రయోగశాలలో విద్యార్థుల పట్టవ్యాసములు వారి పేర్లతోడనే వెలువడుట ఆచారము. ఈ వ్యాసమునకు మాత్రము ఆచార్యుడు తన పేరును చేర్చెను. అదియు ముందు చేర్చెను. ఇది ఆమెకు మనస్తాపము కలిగించెనని సహాధ్యాయులు తరువాతి కాలమున తెలిపిరి. ప్రశ్న ఆచార్యునిది, ఇరువదియైదేండ్ల పూర్వకృషియు, పెదవి తునక విశేషమును మొదట గమనించిన చూపును ఆచార్యునివే. కాని నూరు విఫలముల నడుమ ఆరు సఫలములను సాధించిన చేయి హిల్డేది. ఈ రెంటిలో నేది లేకున్నను ఆ వ్యాసము లేదు.

ఆ 1924వ సంవత్సరము సెప్టెంబరు మాసముననే ఇంటిలో పొయ్యి ప్రేలి, మంటలంటుకొని హిల్డే మాంగోల్డ్ మరణించెను. అప్పటికామె వయస్సు ఇరువదియైదు సంవత్సరములు. తాను చేసిన పని లోకమున నెంతటి ప్రసిద్ధి పొందనున్నదో ఆమె ఎరుగదు.

కీర్తియు, అందని పదార్థమును

ఆర్గనైజర్ వార్త శాస్త్రలోకమున ప్రాకెను. దేశదేశములనుండి విద్యార్థులు ఫ్రైబర్గ్ చేరిరి. ఈ వ్యవస్థాపకము కణములతో ఏ భాషలో మాటలాడుచున్నది? స్పర్శచేతనా? రసాయన పదార్థముచేతనా? 1932లో స్పేమన్ తన సహచరులగు బౌట్స్‌మన్, హోల్ట్‌ఫ్రేటర్, ఓటో మాంగోల్డులతో కలిసి విచిత్రమైన ఫలితము ప్రకటించెను. వేడిచేతను, మద్యసారముచేతను చంపబడిన తునక సైతము నాడీకణజాలమును పుట్టించుచున్నది. ప్రాణము పోయిన తునక పనిచేయుచున్నదన్నచో ఆ శక్తి ఏదో పదార్థమునందుండవలెను. ఇంగ్లండులో నీడ్‌హామ్, వాడింగ్‌టన్, బెల్జియములో బ్రాషే మున్నగువారు ఆ పదార్థము కొరకు వేట సాగించిరి.

ఆ వేట విషాదాంతమయ్యెను. కొవ్వుసంబంధమైన ఆమ్లములు, పలుజంతువుల కాలేయము, మూత్రపిండము, తుదకు జీవశరీరముతో సంబంధమే లేని మిథిలీన్ బ్లూ అను రంగు సైతము నాడీకణజాలమును పుట్టించుచుండెను. ఏది వేసినను తాళము తెరచుకొనుచున్నచో అసలు చెవి యేదో తెలియుటెట్లు? శోధకులు ఒక్కొక్కరుగా విరమించిరి. ఆర్గనైజర్ అను పేరు ఏదో యజమానిని స్ఫురింపజేయుచు దారి తప్పించినదని కొందరు విమర్శించిరి.

అట్టి సమయముననే, 1935లో, స్పేమన్‌కు వైద్య, శరీరధర్మ శాస్త్రములందు నోబెల్ బహుమానము లభించెను. పిండాభివృద్ధిలో ఆర్గనైజర్ ప్రభావమును కనుగొనినందుకు ఇచ్చిన బహుమాన మది. మరణించినవారిని ఆ బహుమానమునకు ఎన్నుకొను ఆచారము లేదు. హిల్డే మరణించి అప్పటికి పదునొక్క యేండ్లు.

జర్మనీలో అవి నాజీల దినములు. స్పేమన్ శిష్యులలో సమర్థుడును, హిల్డేకు సహాధ్యాయియు నగు విక్టర్ హాంబర్గర్ 1932లో పరిశోధనకై అమెరికా వెళ్లియుండగా, యూదసంతతివాడను కారణమున 1933లో ఫ్రైబర్గ్ ఉద్యోగమును కోల్పోయెను. అతడచ్చటనే నిలిచిపోయి, నాడీకణముల పెరుగుదలపై గొప్ప కృషి చేసెను. నాడీవృద్ధికారకమును కనుగొని 1986లో నోబెల్ బహుమానము పొందిన రీటా లెవీ మోంటాల్చినీకి తోడ్పడెను. గురువు కీర్తిశిఖర మెక్కుచున్న వేళ గురుకులము చెదరిపోవుచుండెను.

1938లో స్పేమన్ తన జీవితకృషిని ఒక ఉద్గ్రంథముగా ఆంగ్లమున ప్రకటించెను. జీవప్రక్రియలు రసాయనచర్యలకంటె మనోవ్యాపారములకే సన్నిహితములుగా తోచుచున్నవని ఆ గ్రంథాంతమున సూచించెను. జీవితమంతయు సూదితోడను వెంట్రుకతోడను శ్రమించిన ప్రయోగశీలి తుదకు చెప్పిన ఈ మాటకు పలువురు ఆశ్చర్యపడిరి. ఆ గ్రంథముననే, పెరిగిన కణమునుండి కేంద్రకమును తీసి కేంద్రకము లేని గ్రుడ్డున నుంచినచో నేమగునను ఊహను కూడ వెల్లడించెను. అది యద్భుతప్రాయమైన ప్రయోగముగా ఆయనకే తోచెను. రెండవ ప్రపంచయుద్ధము సాగుచుండగా 1941 సెప్టెంబరులో, డెబ్బదిరెండవ యేట, ఆయన ఫ్రైబర్గున కన్నుమూసెను.

క్షీరదముల పిండమున

ఆయన ఊహించిన ప్రయోగమును 1952లో అమెరికాలో బ్రిగ్స్, కింగ్ అనువారు కప్పలయందు సాధించిరి. 1962లో గర్డన్ తోకకప్ప ప్రేగుకణపు కేంద్రకముతో కప్పలను పెంచినట్లు ప్రకటించెను. 1996లో స్కాట్‌లండున డాలీ యను గొఱ్ఱెపిల్ల ఇట్లే పుట్టెను.

ఆర్గనైజర్ పదార్థము మాత్రము మరి యరువది యేండ్లవరకు చిక్కలేదు. జన్యువులను విడదీసి పరీక్షించు పద్ధతులు వచ్చిన తరువాత, 1992లో అమెరికాలో స్మిత్, హార్లండ్ అనువారు నాగిన్ అను ప్రోటీనును, 1994లో సాసాయి, డి రాబర్టిస్ మున్నగువారు కార్డిన్ అను ప్రోటీనును కనుగొనిరి. ఈ రెండును పెదవిభాగమునుండి వెలువడునవే. ఇవి పనిచేయు తీరు ఎవరును ఊహింపనిది. పిండమున బి.ఎం.పి. అను సంకేతప్రోటీను వ్యాపించి, వెలుపలి కణములను చర్మమార్గమున నడిపించుచుండును. నాగిన్, కార్డిన్ ఆ బి.ఎం.పి.ని మధ్యదారిలో పట్టుకొని కణములను చేరనీయవు. ఆ సంకేతము అందని కణములు సహజముగనే నాడీమార్గమును పట్టును. అనగా వ్యవస్థాపకము కణమును మెదడు కమ్మని శాసించుట లేదు. మెదడు కానీయని యడ్డును తొలగించుచున్నది. న్యూట్ కణములు ఏ కొంచెము కలత కలిగినను నాడీమార్గమునకు మొగ్గునవి యగుటచే, పూర్వులకు ఏ పదార్థము వేసినను ఫలితము కనబడెను. వారు తాళమునకు చెవి వెదకిరి. అచ్చట నుండినది అడ్డుగడియ మాత్రమే.

తల్లిగర్భమున పెరుగు జీవులయందును ఇట్టిదే వ్యవస్థ. పక్షుల, కుందేళ్ల పిండములలో వ్యవస్థాపకభాగము కలదని వాడింగ్‌టన్ 1930 దశాబ్దిలోనే చూపెను. 1994లో రోజా బెడింగ్‌టన్ అను శాస్త్రజ్ఞురాలు చిట్టెలుక పిండమునుండి అట్టి భాగమును తీసి వేరొక చిట్టెలుక పిండమున నాటి, రెండవ నాడీదండమును పుట్టించెను. హిల్డే న్యూట్లలో చూచినది డెబ్బది యేండ్లకు చిట్టెలుకలో కనబడెను.

అంతకు ముందు దశలోనే క్షీరదపిండమున కణముల సంభాషణ మొదలగును. ఫలదీకరణమైన కొద్దిదినములకు చిట్టెలుక పిండము నీటిబుడగవంటి గోళమగును. వెలుపలి పొరనుండి జరాయువు ఏర్పడును. లోపల ఒకమూల ముద్దగా నుండు కొన్ని కణములనుండియే శరీరమంతయు పుట్టును. ఏ యవయవముగనైనను మారగల ఈ లోపలి కణములను 1981లో ఇంగ్లండులో ఇవాన్స్, కాఫ్‌మన్, అమెరికాలో గెయిల్ మార్టిన్ గాజుపాత్రలలో పెంచగలిగిరి. అవియే పిండమూలకణములు. వానిని అట్లే యుంచుట కష్టము. ఒంటరిగా విడిచినచో మూలస్వభావమును కోల్పోయి ఏదో యొక కణముగా మారిపోవును. అందుచే మొదట వానిని పోషకకణముల పాన్పుపై పెంచవలసివచ్చెను. ఆ పోషకకణములు అందించునది ఎల్.ఐ.ఎఫ్. అను సంకేతప్రోటీను అని 1988లో తెలిసెను. తెల్లకణముల క్యాన్సరును అరికట్టు కారకమని అంతకు పూర్వమే పేరు పొందిన పదార్థ మది.

2003లో ఆస్టిన్ స్మిత్ బృందము మరియొక సంగతి కనుగొనెను. చిట్టెలుక మూలకణములను మారనీయక నిలుపుటకు ఎల్.ఐ.ఎఫ్.నకు తోడుగా బి.ఎం.పి. యును కావలెను. నాడీమార్గమున పోనీయక మూలకణమును పట్టియుంచునది ఆ బి.ఎం.పి.యే. న్యూట్ పిండమున హిల్డే నాటిన పెదవి తునక తొలగించిన అడ్డు ఏదో, చిట్టెలుక మూలకణమును కాపాడునదియు అదియే. జరాయువు మూలకణములకు వేరొక కాపు: లోపలి ముద్దనుండి వచ్చు ఎఫ్.జి.ఎఫ్.4 అను ప్రోటీను వెలుపలి కణములను మూలకణములుగా నిలుపునని 1998లో తెలిసెను. మానవ మూలకణముల పద్ధతి కొంత భిన్నము, వానికి ఎల్.ఐ.ఎఫ్. చాలదు, ఎఫ్.జి.ఎఫ్., ఆక్టివిన్ అనువాని సంకేతములు కావలెను. జాతినిబట్టి పలుకులు మారినను, పొరుగు పలుకుచే కణము నిలుచుట, మారుట అను ధర్మము మారలేదు.

పాలిచ్చుచున్న తల్లిచిట్టెలుక గర్భమున క్రొత్త పిండము పెరుగుట మాని వారములకొలది వేచియుండుట కలదు. ఆ నిరీక్షణకాలమున లోపలి కణములు నశింపక నిలుచుట, ఎల్.ఐ.ఎఫ్. సంకేతమును స్వీకరించు గ్రాహకముపై నాధారపడియున్నదని 2001లో తేలెను. గాజుపాత్రలో చూచిన ధర్మము ప్రకృతిలో ఎందుకు పుట్టినదో ఇట్లు కొంత తెలిసెను.

ఋణము

స్పేమన్ చెప్పినవన్నియు నిలువలేదు. జీవప్రక్రియలు రసాయనమునకు లొంగవేమోయను ఆయన చివరి సందేహము తొలగిపోయెను. ఆర్గనైజర్ శాసించునను తలంపు తలక్రిందులయ్యెను. నిలిచినది ఆయన ప్రశ్న. దానిని చేతితో అడుగు పద్ధతి. తనకు ప్రతికూలమైన ఫలితమును కూడ దాచని నిజాయితీ. వ్యాధిగ్రస్తమైన కణజాలము స్థానమున మూలకణములనుండి క్రొత్తదానిని పెంచవలెనని నేడు యత్నించుచున్న ప్రతి వైద్యశాస్త్రజ్ఞుడు, ఏ సంకేతము ఎప్పుడీయవలెను, ఏది ఎప్పుడాపవలెను అని ఆలోచించునప్పుడు ఆ పాతప్రశ్ననే అడుగుచున్నాడు.

ఇక హిల్డే ఋణము. జీవించినకాలమున ఆమెకు దక్కనిది కొంతవరకు కాలమే చెల్లించినది. గాస్ట్రులా పెదవియందలి ఆ చిన్న తునకను నేటి గ్రంథములు స్పేమన్–మాంగోల్డ్ ఆర్గనైజర్ అని పేర్కొనుచున్నవి. గురువు పేరు ముందున్నను, శిష్యురాలి పేరు లేక ఆ పదము పూర్తికాదు.